అత్త చెరువు మీద ఎండ

మా మేనత్త ప్రేమను తట్టుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. కోపంతో అనడం లేదు, అనుభవంతో అంటున్నాను. నలభై దాటి, జుట్టుకు రంగేసుకునే వయసొచ్చిన నాకు ఇప్పటికీ కంచంలో మూడోసారి వడ్డించి, "ఏం తిన్నావే, పిట్ట తిన్నట్టు" అంటుంది. చిన్నప్పుడు జలుబు చేస్తే మూడు దుప్పట్లు కప్పేది. వాటి కింద జలుబు సంగతేమో గాని ఊపిరి మాత్రం ఆడేది కాదు. ఆవిడ చేతిలో పడ్డ ప్రాణి ఏదైనా సరే, ముందు ఒళ్లు చేస్తుంది, తర్వాత బద్ధకిస్తుంది. నేనూ, మామయ్యా, మా మెట్ల మీద పడుకుని ఎంత అదిలించినా పక్కకు జరగని పిల్లీ అందుకు సాక్షులం.

ఇలాంటి మనిషికి చేపల్ని పెంచే ఉద్యోగం దొరికింది.

ఊరి చివర రైల్వే గేటు దాటాక చేపపిల్లల కేంద్రం ఉంది. అందరూ హేచరీ అంటారు. దాని గేటుకి ఎదురుగానే నా కుట్టుమిషను దుకాణం. అక్కడ జరిగే పని ఇది: పెద్ద చేపల్ని చెరువుల్లో పెంచి, అవి ఎదిగి గుడ్డు ముదిరాక, ఎండలు ముదిరే రోజుల్లో గుండ్రటి సిమెంటు తొట్లలోకి తెచ్చి గుడ్లు పెట్టిస్తారు. గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని రైతులు ప్లాస్టిక్ సంచుల్లో తీసుకుపోతారు. అలా గుడ్ల కోసం పెంచే పెద్ద వాటిని తల్లిచేపలంటారు. మగవాటినీ అలాగే అంటారు. వాటికేమీ అభ్యంతరం ఉన్నట్టు కనిపించదు.

తల్లిచేపల చెరువులు రెండు. పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఒక గట్టు. ఇవతలిది అత్త చూసుకుంటుంది. అవతలిది కునుకు బాబాయి చూసుకుంటాడు, లేదా చూసుకుంటున్నాడని హేచరీ వాళ్లు నమ్ముతారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పొద్దున్నే వచ్చి ఒక మోపు గడ్డి చెరువులోకి గిరాటేసి, రేకుల షెడ్డులో బల్ల మీద నడుం వాలుస్తాడు. చేపలకి వేయాల్సిన మేత గోళీల సంచీ మూతి విప్పడానికి బద్ధకం. బోరు పంపు దాకా నడవడానికి బద్ధకం. ఒకసారి ఆయన మీద తొండ ఎక్కి కూర్చుంటే దాన్ని తోలడానికి కూడా లేవలేదని చెప్పుకుంటారు. అబద్ధమై ఉండొచ్చు గాని, విన్నవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

రెండు చెరువుల్లోనూ ఉన్నవి గడ్డిచేపలే. ఐదేళ్ల కిందట ఒకే వ్యానులో, వేలెడంత పిల్లలుగా వచ్చాయి. ఒక బకెట్టు ఇటు, ఒక బకెట్టు అటు పంచుకున్నారు. అంటే అన్నీ ఒక తల్లి బిడ్డలే అనుకోండి. కొన్ని మా అత్త ఇంట పెరిగాయి, కొన్ని కునుకు బాబాయి ఇంట.

అంతకుముందు అత్త చెరువులో వేరే చేపలుండేవి. ఒక ఎండాకాలం, మబ్బు పట్టి గాలి స్తంభించిన తెల్లవారుజామున ఆవిడ వెళ్లేసరికి అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒక్కటి మిగల్లేదు. ఆ రోజు అత్త ఒట్టికాళ్లతో ఇంటికొచ్చింది. చెప్పులు గట్టు మీదే వదిలేసిన సంగతి మామయ్య అడిగేదాకా ఆవిడకి తెలీదు. "వేడికి ఉడికిపోయాయి నా బిడ్డలు" అని పదే పదే అనేది. ఎవరేం చెప్పినా ఆ మాట ఆవిడ మనసులోంచి పోలేదు. తిండి మీద ధ్యాస లేక మనిషి సగమైపోయింది. మా ఇంట్లో ఒకరు చిక్కిపోవడం నేను చూసింది అదొక్కసారే.

అందుకే ఈ వేలెడంత పిల్లలు వచ్చినప్పుడు ఒట్టు పెట్టుకుంది, వీటికి ఎండ సోకనివ్వనని. అప్పటినుంచి కంటికి రెప్పలా కాసింది. ఎండ కాస్త చురుక్కుమంటే చాలు, బోరు పంపు వేసేది. పాతాళంలోంచి వచ్చే నీళ్లవి, కాలు పెడితే జివ్వుమంటాయి. చెరువుకి సగం మేర ఆకుపచ్చ నీడ గుడ్డ కట్టించింది. ఆ గుడ్డ పట్టీలన్నీ నా మిషను మీదే కలిపి కుట్టాను. మూడు సూదులు విరిగాయి. ఇక మేత గురించి చెప్పక్కర్లేదు. లేత గడ్డి ఏరి ఏరి కోసేది, ముదురు కాడలు పక్కన పడేసేది. పొద్దున గోళీలు, మధ్యాహ్నం తవుడు, సాయంత్రం మళ్లీ గోళీలు.

చేపలు కూడా ఆవిడకి బాగా మాలిమయ్యాయి. అడుగుల చప్పుడు వింటే చాలు, గట్టు దగ్గరికి మూగేవి. వాటిలో ఒక పెద్ద ఆడచేప అన్నీ తినేదాకా వెనకే ఉండి, చివర్లో వచ్చి మిగిలింది తినేది. అత్త దానికి పెద్దకోడలు అని పేరు పెట్టింది. చివర తిన్నా ఎక్కువ తిన్నది అదేనని దాని నడుం చూస్తే తెలిసేది.

మామయ్య లారీ నడిపి మానేసిన మనిషి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని మమ్మల్ని నడుపుతుంటాడు. పంపు చప్పుడు ఇంటిదాకా వినిపించినప్పుడల్లా, "కడుపు చల్లగా ఉండాలని అందరూ దీవిస్తారు గాని, మీ అత్త ఒక్కతే దాన్ని పంపు పెట్టి చేస్తోంది" అనేవాడు.

నిరుడు కునుకు బాబాయి చెరువులో సగం చేపలు గుడ్లు పెట్టాయి. అత్త చేపలు ఒక్కటీ పెట్టలేదు. అప్పటి ఆఫీసరు, ఇంకా వయసు చాల్లేదేమోలే అని సర్దిచెప్పి బదిలీ మీద వెళ్లిపోయాడు. అత్తకి చీమ కుట్టినట్టైనా లేదు. "వాడి చేపలకి తొందరెక్కువ. నావి పద్ధతిగా పెరిగాయి" అని నాతో గర్వంగా చెప్పింది.

ఈ ఏడు కొత్త ఆఫీసరు వచ్చింది. వయసులో నాకంటే చిన్నది, సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది. ఆమె సన్నదనం చూసి అత్త మొదటిరోజే జాలిపడి డబ్బా నిండా తినుబండారాలు తీసుకెళ్లింది. ఆమె రెండు తీసుకుని, మిగతావి అందరికీ పంచేసింది. వాళ్లిద్దరి మధ్యా మొదటి పొరపొచ్చం అదే.

సీజను మొదట్లో ఒక పొద్దున తల్లిచేపల్ని పరీక్ష చేశారు. నీడ గుడ్డ వెనక్కి లాగమన్నారని అత్త నన్నూ సాయం పిలిచింది, అందుకే దగ్గరుండి చూశాను. ముందు కునుకు బాబాయి చెరువులో వల లాగారు. చేపలు మరీ పెద్దవేమీ కావు, కాస్త బక్కగా కూడా ఉన్నాయి. ఆఫీసరమ్మ ఒక మగచేపని పట్టుకుని, తల పక్కన ఉండే రెక్క మీద వేలు రాసింది. నన్నూ రాయమంది. గరుకు కాగితంలా ఉంది. ఈడొచ్చిన మగచేపకి అలా ఉంటుందట. పొట్ట మెల్లగా నొక్కితే పాలచుక్కల్లా వీర్యం వచ్చింది. ఆడచేపల పొట్టలు ఉబ్బి, మెత్తగా, పిసికిన పిండిలా ఉన్నాయి.

"బాబాయ్, మీ చేపలు సిద్ధం" అంది ఆమె.

"అలాగా" అన్నాడు కునుకు బాబాయి, ఎవరింట్లోనో పెళ్లి గురించి విన్నట్టు.

తర్వాత మా అత్త చెరువు. వల దగ్గరకి లాగుతుంటే చూసిన వాళ్లంతా నోళ్లు తెరిచారు. ఒక్కోటి అవతలి వాటికి ఒకటిన్నర రెట్లుంది. అత్త నా మోచెయ్యి పొడిచింది. కాని ఆఫీసరమ్మ వరసగా చేపలు పట్టి చూస్తూ పోతున్న కొద్దీ ఆమె మొహంలో రంగు తగ్గింది. మగచేపల రెక్కలు నున్నగా ఉన్నాయి. ఎంత నొక్కినా చుక్క రాలేదు. ఆడచేపల పొట్టలు పెద్దవే, కాని గట్టిగా, బిర్రుగా ఉన్నాయి.

ఇంతలో ఒక ఆడచేప వలలోంచి ఎగిరి సిమెంటు మెట్టుకి తల కొట్టుకుంది. కాసేపు కొట్టుకుని చచ్చిపోయింది. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసరమ్మ పక్కన గొంతుకూర్చుని, "అమ్మా, మీరేమీ అనుకోకపోతే దీని లోపల ఏముందో చూడాలి. మిగతా వాటి కోసం" అని అడిగింది. అత్త తల తిప్పుకునే దాన్ని ఇచ్చింది.

కోసి చూస్తే పొట్ట నిండా తెల్లటి కొవ్వు. దాన్ని పాయలు పాయలుగా పక్కకి తీస్తే, అడుగున గుడ్ల తిత్తి దారపు పోగులా కనిపించింది. ఐదేళ్ల చేపలో ఏడాది పిల్లకుండాల్సినంత లేదు. అందరం చూశాం. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది, అత్తకి ఎవరినైనా తిట్టడానికి వీలుండేది.

ఆఫీసరమ్మ రెండు చెరువుల నీళ్లలోనూ థర్మామీటరు పెట్టి అత్తకి చూపించింది. కునుకు బాబాయి చెరువు వెచ్చగా, పచ్చగా, ఎండకి ఒళ్లప్పగించి ఉంది. అత్త చెరువు ఇంకా శీతాకాలంలోనే ఉంది.

"అమ్మా, మన ఒంట్లో పొయ్యి ఉంది, చేపకి లేదు" అని చెప్పింది ఆమె. "నీళ్లెంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లంత వెచ్చన. రోజూ కాస్త కాస్త వెచ్చదనం పోగేసుకుంటూ వస్తుంది. అది చాలినంత పోగైతేనే గుడ్డు ముదురుతుంది. మీరు పెట్టిన తిండి ఒంటికి పట్టింది. కాని వాటికి ఇంకా ఎండాకాలం వచ్చిందనే తెలీదు. ఏళ్లు గడిచాయి గాని ఈడు రాలేదు."

"మరి వేడికి చస్తే?" అని అత్త ఒంటికాలి మీద లేచింది. "నా కళ్లతో చూశానండీ. చెరువంతా తేలిపోయాయి. అప్పుడు మీరు లేరు."

"వేడికి కాదమ్మా. మబ్బు రోజుల్లో తెల్లారేసరికి నీళ్లలో గాలి అయిపోతుంది. ఊపిరాడక పోయుంటాయి. బోరు నీళ్లు చల్లగా ఉంటాయి గాని వాటిలోనూ గాలి తక్కువే. నీళ్లు చిలికే మిషను తెప్పిస్తాను."

అత్త వినలేదు. అసలు చిక్కు ఆ తర్వాత మాటలో ఉంది. వరసగా రెండు సీజన్లు గుడ్లు పెట్టని చేపల్ని ఉంచకూడదని పైఆఫీసు ఆర్డరు. సీజను చివరికి కూడా ఇలాగే ఉంటే మార్కెట్టు లారీ వస్తుంది. పెద్దకోడలితో సహా అన్నీ తూకానికి పోతాయి. ఆఫీసరమ్మ ఈ మాట చెప్పడానికి చాలా నీళ్లు నమిలింది. చెప్పాక కళ్లు దించుకుంది.

ఆ పూట మా ఇంట్లో ఎన్నడూ జరగనిది జరిగింది. అన్నం ముందు కూర్చుంటే అత్త ఎవరికీ వడ్డించలేదు. గరిటె గిన్నెలో అలాగే వదిలేసి గోడ వైపు చూస్తూ కూర్చుంది. మామయ్యే లేచి ఇద్దరికీ పెట్టాడు. ఆయనకి ఏ జోకూ తోచలేదు. అత్తే అంది, "ఆ కునుకు గాడు ఏమీ చెయ్యడు కదే. ఏమీ చెయ్యని వాడి చేపలు అలా ఎలా ఉన్నాయి?"

"ఏమీ చెయ్యలేదు కాబట్టేనేమో" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి కంచం పట్టుకుని పెరట్లోకి నడిచాను.

ఒకటి మాత్రం చెప్పాలి. మా అత్తకి మొండితనం ఎంతుందో, చేపల మీద ప్రాణం అంతకంటే ఎక్కువ. రెండ్రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, మూడో రోజు పొద్దున్నే రేకుల షెడ్డుకి వెళ్లి కునుకు బాబాయి బల్ల ముందు నిలబడింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఏమయ్యా, పొద్దుణ్నించీ నువ్వేం చేస్తావో అన్నీ చెప్పు."

"గడ్డేస్తానక్కా."

"తర్వాత?"

"పడుకుంటా."

"తర్వాత?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "లేస్తా" అన్నాడు.

"చేపల మీద బెంగ ఉండదూ? ఎలా ఉన్నాయో, ఏం తిన్నాయో అని?"

"వాటికి నామీద బెంగ ఉందా ఏంటక్కా" అని ఆయన పక్కకి ఒత్తిగిల్లాడు. అందులో వేదాంతమేదో ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయనకి నిద్రొస్తోంది, అంతే.

అత్త ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పినట్టే చేస్తాను. చస్తే మాత్రం మిమ్మల్ని వదిలిపెట్టను" అంది. ఆమె నవ్వకుండా సరేనంది. నీడ గుడ్డ తీసేశారు. కుట్లన్నీ విప్పి పట్టీలు చుట్టలు చుట్టే పని మళ్లీ నా మెడకే చుట్టుకుంది. గోళీలూ తవుడూ మానేశారు. గడ్డి మాత్రం వేస్తారు, అదీ ముదురూ లేతా కలిపి. నీళ్లు చిలికే మిషను వచ్చింది. దానికి నాలుగు రెక్కల చక్రాలు, తిప్పితే చెరువులో తెల్లటి నురగ లేస్తుంది. ఇక బోరు పంపు. దాని దగ్గర మాత్రం అత్తకి తన మీద తనకే నమ్మకం లేదు. పంపు గదికి తాళం వేయించి, తాళంచెవి తీసుకెళ్లి కునుకు బాబాయి చేతిలో పెట్టింది.

"నేనొచ్చి అడిగినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు. అర్థమైందా?"

"ఇవ్వకపోవడం తేలికే అక్కా" అన్నాడాయన, దిండు కింద పెట్టుకుంటూ.

ఆ తర్వాతి రోజులు అత్తకి నరకం. పొద్దున్నే గట్టు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేది. చేపలు పాత అలవాటు కొద్దీ గట్టు దగ్గరికి వచ్చి గోళీల కోసం మూతులు పైకెత్తేవి. పెద్దకోడలు కూడా ఎప్పటిలా ఆఖర్న వచ్చి, ఏమీ లేకపోతే కాసేపు ఆగి, మెల్లగా వెనక్కి తిరిగేది. "నన్ను చూసి పోతోందే, ఏమనుకుంటుందో" అని అత్త కళ్లు తుడుచుకునేది. నేను కూడా దుకాణం తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. మనసొప్పేది కాదు. ఆవిడ నవ్వులాటకి దొరికే మనిషే గాని, ఆ పని చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెట్టే చెయ్యిని ఆపుకోవడం ఆవిడ ఒంట్లో లేదు.

ఎండలు ముదిరాయి. చెరువు రంగు మారింది, అడుగు కనిపించేంత తేటగా ఉండేది కాస్తా పచ్చబడింది. చేపలు గడ్డి మీద పడి తింటుంటే చప్పుడు గట్టు మీదకి వినిపించేది. ఆఫీసరమ్మ రోజూ వచ్చి థర్మామీటరు చూసి, ఏమీ చెప్పకుండా వెళ్లేది. ఆమెకీ భయంగానే ఉందని తర్వాత తెలిసింది.

అప్పుడు ఒక తెల్లవారుజామున మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. నాకు మెలకువొచ్చేసరికి అత్త తలుపు తీసి ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. నేనూ పరిగెత్తాను.

వెళ్లేసరికి చెరువంతా మూతులే. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. ఆ గుటకల చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. అత్త పంపు గది తాళం పట్టుకుని ఊపుతోంది. అది రాకపోయేసరికి షెడ్డులోకి దూరి కునుకు బాబాయిని కుదిపి లేపింది. ఆ వారం ఆయనకి అక్కడే కాపలా.

"తాళంచెవి ఇవ్వు. చచ్చిపోతున్నాయి. ఇవ్వు ముందు."

ఆయన లేచి కూర్చున్నాడు. దిండు మీద చెయ్యి అలాగే ఉంది. "నువ్వే ఇవ్వద్దన్నావు కదక్కా."

"అప్పుడన్నాను. ఇప్పుడు ఇమ్మంటున్నాను."

"ఏడ్చినా ఇవ్వద్దన్నావు."

నిజంగానే ఆవిడ ఏడుస్తోంది. బతిమాలింది, తిట్టింది, ఆయన ఏడు తరాలనూ తలుచుకుంది. మామూలుగా ఎవరైనా ఇచ్చేసేవాళ్లు, నేనైతే ముందు ఇచ్చేదాన్ని. కునుకు బాబాయికి మాత్రం చెప్పిన పని మార్చుకోవడమంటే మహా బద్ధకం. ఆ బద్ధకానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఆయన దిండు చంకలో పెట్టుకుని, ఆవులిస్తూ, నడిచి వెళ్లి నీళ్లు చిలికే మిషను స్విచ్చి వేశాడు.

చక్రాలు తిరిగాయి. నీళ్లు తెల్లగా ఎగిరాయి. చేపలు ముందు బెదిరి అటూ ఇటూ చెదిరాయి, తర్వాత ఒక్కొక్కటే ఆ నురగ వైపు చేరాయి. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ గోళ్ల గుర్తులు చాలాసేపు పోలేదు. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలీదు. తూర్పున వెలుగొచ్చింది. ఒక మూతి కిందికి పోయింది. ఇంకొకటి పోయింది. చూస్తుండగా నీళ్ల మీద నురగ తప్ప ఏమీ లేదు. కాసేపటికి మూలన, గడ్డి పరకలు మిగిలిన చోట, తీరిగ్గా ఒక వీపు తేలి మునిగింది. పెద్దకోడలు తింటోంది.

అత్త గట్టు మీద చతికిలబడింది. నేనూ పక్కనే కూలబడ్డాను. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. "వేడి కాదన్నమాట" అంది ఆవిడ. "ఊపిరే. ఆ రోజు కూడా ఊపిరే." ఇన్నేళ్లుగా ఆ మనిషి మోస్తున్న బరువు ఎంతో ఆ గొంతు విన్నాకే నాకు తెలిసింది. ఏడ్చింది, కాని అది వేరే ఏడుపు. కునుకు బాబాయి మా ఇద్దర్నీ చూసి, ఇక తన పనేమీ లేదని తేల్చుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

సీజను చివర్లో మళ్లీ వల లాగారు. ఆ రోజు అత్త నీళ్లలోకి దిగలేదు, నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని బొత్తాల డబ్బాలో రంగులు వేరు చేసింది. అడగకుండా చేసిన పనే, నేను వద్దనలేదు. ఆఫీసరమ్మే రోడ్డు దాటి వచ్చింది. మోచేతుల దాకా తడిగా ఉంది. గుమ్మంలో నిలబడి, "రెక్కలు గరుకుగా ఉన్నాయమ్మా" అంది. అంతే అంది. అత్త డబ్బా మూత పెట్టి, లేచి, ఆ తడి చేతులు రెండూ పట్టుకుంది.

చేపలు కాస్త నడుం తగ్గాయి. పెద్దకోడలి పొట్ట మెత్తబడి, చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. గుడ్లు పెట్టించే సూదిమందు ఇచ్చి, ఆడవీ మగవీ కలిపి గుండ్రటి తొట్టిలో వదిలి, నీళ్లు సుడి తిరిగేలా పెట్టారు. మర్నాడు పొద్దున మామయ్య కూడా వచ్చాడు. తొట్టి నిండా గుడ్లు. ఒక్కోటి నీళ్లు తాగి ఉబ్బి, అద్దం పూసలా, సుడి వెంట తిరుగుతోంది. చెయ్యి ముంచితే వేళ్ల మధ్యనుంచి జారిపోతున్నాయి. అన్ని చేపలూ పెట్టలేదు, కొన్నింటికి వచ్చే ఏడే అంది ఆఫీసరమ్మ. కాని లారీ పంపక్కర్లేదని పైఆఫీసుకి అప్పటికే ఫోను చేసి చెప్పేసింది.

మామయ్య తొట్టిలోకి తొంగిచూసి, "మొత్తానికి కడుపు పండింది" అన్నాడు. అత్త ఆయన్ని కసరలేదు. నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

తర్వాత తల్లిచేపల్ని తిరిగి చెరువులో వదిలారు. అందరూ వెళ్లిపోయారు. అత్త ఇంటికి రాలేదు. నేను పిలవడానికి వెళ్తే రేకుల షెడ్డులో ఉంది. ఎండ చెరువు మీద నేరుగా పడుతోంది, నీడన్నది లేదు. కునుకు బాబాయి ఎందుకో మేలుకునే ఉన్నాడు. గుడ్లు చూసొచ్చాక ఆయనకి కూడా కాస్త హుషారు పుట్టినట్టుంది.

"ఇప్పుడేం చెయ్యాలక్కా?" అని అడిగాడు.

అత్త చేతులు రెండూ తొడల కింద పెట్టుకోబోయి, ఆగి, ఒళ్లో పెట్టుకుంది. చెరువు వైపు చూసింది. అక్కడెక్కడో ఒక తోక నీళ్లు కదిపింది.

"ఏమీ లేదు" అంది. "కొంచెం జరుగు." బల్ల మీద ఆయన జరిగిన చోట కాళ్లు చాపుకుని, పట్టపగలు, డ్యూటీ టైములో, మా మేనత్త హాయిగా పడుకుని నిద్రపోయింది.